తొమ్మిది మీదుగా

ఆఫీసులో కంప్యూటర్లు చూసే మా గురువుగారికి ఒక పట్టింపు ఉండేది. రౌటింగ్ టేబుల్‌ని ఎవరూ మనసులో చదువుకోకూడదు. ఏ కంప్యూటర్ మొరాయించినా సరే, దాన్ని వాడే మనిషిని పక్కన నిలబెట్టుకుని, మాలో ఒకరు తెర మీద వేలు పెట్టి, పై వరస నుంచి అడుగు వరస దాకా పైకి చదవాలి. "కళ్ళు దొంగవి అమ్మడూ. తమకి కావలసింది చూసి మిగతాది దాటేస్తాయి. నోటికి ఆ తెలివి లేదు, కనబడిందల్లా చెప్పేస్తుంది" అనేవారు. చదవడం అయ్యాక జేబులోంచి ఒక దగ్గు బిళ్ళ తీసి చేతిలో పెట్టేవారు, గొంతు ఎండిపోయి ఉంటుందని.

ఆ బిళ్ళలు నేను బోలెడు చప్పరించాను. మొదట్లో అభిమానంతో, తర్వాత్తర్వాత పళ్ళు నూరుతూ.

రౌటింగ్ టేబుల్ అంటే భయపడక్కర్లేదు. ప్రతి కంప్యూటర్ తన కడుపులో దాచుకునే దారుల పట్టిక అది. ఫలానా అడ్రసుకి ఏదైనా పంపాలంటే ఎవరి మీదుగా పంపాలి అన్నది అందులో వరసగా రాసి ఉంటుంది. అన్నీ సున్నాలున్న వరస ఒకటి తప్పనిసరిగా ఉంటుంది. దారి తెలియనివన్నీ ఈ గుమ్మంలోంచి బయటికి పొండి అని దానర్థం. మిగతా వరసల గురించి గురువుగారు నాకు మొదటి రోజే చెప్పారు. "ఊరికి పోయే దారి, వీధికి పోయే దారి, ఒక్క ఇంటికే పోయే దారి, మూడూ రాసి ఉన్నాయనుకో. కంప్యూటర్ ఎప్పుడూ ఆ ఒక్క ఇంటి దారే పట్టుకుంటుంది. ఎంత ఇరుకు వరసైతే అంత గట్టిది. గుర్తుపెట్టుకో."

గుర్తుపెట్టుకున్నాను. ఆయన చెప్పింది ఏదీ నేను మర్చిపోలేదు, అదే ఆయన ఖర్మ.

మా ఆఫీసులో తాళాలు గీస్తారు. తలుపు తాళాలు, బీరువా తాళాలు, లాకర్ తాళాలు. గీసిన బొమ్మలు ఫ్యాక్టరీకి వెళ్ళి ఇత్తడీ ఉక్కూ అవుతాయి. పై అంతస్తులో డ్రాయింగు బల్లలు, కింది అంతస్తులో మేము, మెట్ల కింద స్టోర్‌రూమ్, మెయిన్ గేటు లోపల ఒక పొడుగాటి బల్ల. ఆ బల్ల మీద సాయంత్రాలు వాచ్‌మన్ టీ గ్లాసు పెట్టుకుంటాడు. నేను ఉద్యోగంలో చేరిన రోజున లోపలికి వస్తూ ముందు చూసింది ఆ బల్లనే. అంతకు ముందెప్పుడో మా అక్క సంచిని వీళ్ళు గుమ్మరించింది దాని మీదే.

అక్క ఇక్కడ డ్రాయింగులు గీసేది. కొత్త రకం లాకర్ తాళం ఒకటి మొత్తం తనే గీసింది. అది మా ఫ్యాక్టరీలో తయారవకముందే అచ్చం అదే తాళం ఇంకో కంపెనీ పేరుతో బజార్లోకి వచ్చింది. లోపలి పళ్ళ చక్రం కూడా అదే. డ్రాయింగులన్నీ దాచే సర్వర్‌లో చూస్తే ఆ ఫైలుని ముట్టుకున్నది అక్క కంప్యూటర్ ఒక్కటే. ఇంకేం కావాలి? కంపెనీ యజమానురాలు, అందరూ మేడమ్ అంటారు, సాయంత్రం అందరూ ఇంటికి బయల్దేరే వేళకి అక్కని ఆ బల్ల దగ్గర ఆపించింది. వాచ్‌మన్ సంచి బోర్లించాడు. దువ్వెన, టిఫిన్ డబ్బా, కళ్ళద్దాలు తుడిచే గుడ్డ. "పక్క జేబు కూడా చూడు" అంది మేడమ్. పక్క జేబులో న్యూస్‌పేపర్ చుట్టిన ప్యాడ్ ఉంది. వాచ్‌మన్ అదేమిటో తెలియక విప్పాడు. వెనక నిలబడ్డ మగవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు.

అక్క కంప్యూటర్‌ని సాక్ష్యం అని చెప్పి అదే గంటలో పీకించి స్టోర్‌రూమ్‌లో పెట్టించింది మేడమ్. తాళం చెవి తన దగ్గరే ఉంచుకుంది. తర్వాత దాని సంగతే మర్చిపోయింది. దొంగ దొరికాక సాక్ష్యం ఎవడిక్కావాలి?

డ్రాయింగు ఆఫీసులన్నీ ఒకదాన్నొకటి ఎరిగినవే. ఇంకెక్కడా అక్కకి పని ఇవ్వలేదు. ఇప్పుడొక కర్టెన్ల షాపులో కిటికీల కొలతలు తీస్తోంది. పెన్సిల్ పడితే సన్న గీత తప్ప గీయని మనిషి, టేపు పట్టుకుని స్టూలెక్కి దిగుతోంది. ఆ రోజు నుంచి సంచి పట్టుకోవడం మానేసింది. తాళాలు, డబ్బులు, ఫోను, అన్నీ చేతిలోనే. వాన పడితే ఫోను జాకెట్లో దోపుకుంటుంది. "ఒక సంచి కొనుక్కోవే" అంటే "ఎందుకే మోత" అంటుంది.

ఆ రోజు సంగతి అక్క ఎప్పుడు చెప్పినా చివర ఒకే మాట. "పాపం గురువుగారొక్కరే. కింద పడ్డ నా దువ్వెన వంగి తీసిచ్చి, పోనీలే అమ్మడూ, ధైర్యంగా ఉండు అన్నారు. ఆ కాస్త మాట లేకపోతే నేను ఆ గేటు దాటేదాన్ని కాదు."

అందుకే నేను ఇక్కడ చేరినప్పుడు అనుమానించని మనిషి ఆయనొక్కరే. అక్కది నాన్న పోలిక, నాది అమ్మ పోలిక. ఇంటిపేరు పెళ్ళితో మారింది. ఎవరూ పోల్చుకోలేదు. ఈ పని చేసినవాడెవడో వాణ్ణి పట్టుకుని, అదే బల్ల మీద వాడి సంచి బోర్లించాలి. అంతకు మించి నాకు వేరే కోరిక లేదు. మా ఇంట్లో నన్ను మిరపకాయ అంటారు. ఊరికే అనరు.

చేరిన కొన్నాళ్ళకి, పాత కీబోర్డుల కోసం మేడమ్ నాకు స్టోర్‌రూమ్ తాళం చెవి ఇచ్చింది. విరిగిన కుర్చీల వెనక, దుమ్ము కింద, ఒక కంప్యూటర్ డబ్బా. దాని మీద పసుపుపచ్చ పెన్సిల్ బొమ్మ స్టిక్కర్. ఆ స్టిక్కర్ నేనే కొనిచ్చాను అక్కకి. దుమ్ము తుడిచి, కరెంటు పెట్టాను. నెట్‌వర్క్ వైరు లేదు. అలవాటు కొద్దీ టేబుల్ తెరిచి పైకే చదివాను, అక్కడ వినేవాళ్ళెవరూ లేకపోయినా.

వైరు లేదు కాబట్టి పైన చెప్పుకోదగ్గ దారులేమీ లేవు. అడుగున మాత్రం విడిగా ఒక భాగం ఉంటుంది. అక్కడ రాసినవి కంప్యూటర్ ఆపినా, వైరు పీకినా పోవు. శాశ్వత దారులు అంటారు వాటిని. ఎవరి కంప్యూటర్లోనూ అక్కడ ఏమీ ఉండదు. అక్క కంప్యూటర్లో ఒక వరస ఉంది. ఒక్క ఇంటి దారి. డ్రాయింగుల సర్వర్‌కి పోవాలంటే నేరుగా పోవద్దు, తొమ్మిది మీదుగా పో.

సర్వర్ అక్క బల్లకి ఎదురింట్లో ఉన్నట్టే లెక్క. నేరుగా గడప దాటితే చాలు. అలాంటిది ఎవరో పనిగట్టుకుని, ముందు తొమ్మిదో నంబరు ఇంట్లోకి వెళ్ళి, అక్కడివాళ్ళు చూశాక సర్వర్‌కి వెళ్ళమని రాశారు. అక్క దాచుకున్న ప్రతి డ్రాయింగూ ఆ ఇంటి మీదుగానే నడిచింది. ఆ ఇంట్లో కూర్చున్నవాడు ప్రతిదానికీ ఒక నకలు తీసుకుని, అసలుని ముందుకి పంపించాడు. సర్వర్‌కి మాత్రం కనబడింది అక్క పేరే.

తొమ్మిదో నంబరు కంప్యూటర్ ఎవరిదో మా కింది అంతస్తులో అందరికీ తెలుసు. గురువుగారి బల్ల కింద ఉండే పాత డబ్బా. టెస్టింగ్‌కని ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది. ఊడ్చేవాళ్ళని కూడా దాని దగ్గరికి రానివ్వరు.

నేను ఆ స్టోర్‌రూమ్‌లో విరిగిన కుర్చీలో కూలబడ్డాను. ఏడుపు రాలేదు. వంగి దువ్వెన తీసిచ్చాడట! దొంగ చేతికి తాళాలిస్తే తీసుకుని వాడు పోతాడు. వీడు తాళాలూ కొట్టేసి, దువ్వెన చేతికిచ్చి, దణ్ణం కూడా పెట్టించుకున్నాడు.

ఇంటికెళ్ళి అక్కకి చెప్పాను. అక్క కర్టెన్ గుడ్డకి అంచు మడుస్తోంది. చివరిదాకా విని, సూది గుడ్డకి గుచ్చి పక్కన పెట్టింది.

"ఆయనా?"

"ఆయనే."

"నువ్వు సరిగ్గా చదివావా?"

"వేలు పెట్టి చదివానే. ఆయన నేర్పినట్టే చదివాను."

"పోనీలేవే. ఇప్పుడు తవ్వి ఏం లాభం? మన నోటికి విలువెక్కడుంది? నీ ఉద్యోగం కూడా ఊడుతుంది" అంది.

"నా నోటికి విలువ లేకపోతే ఆయన నోటితోనే చెప్పిస్తాను."

"నీకు ముక్కు మీద కోపం."

"నీకు అసలు లేదు. అందుకే నీ వాటా కూడా నేనే పడుతున్నాను."

అక్క నవ్వలేదు. సూది తీసుకుని మళ్ళీ అంచు మడవసాగింది. కుట్టు వంకర పోయింది. అక్క చేతి కుట్టు వంకర పోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

తిన్నగా వెళ్ళి మేడమ్‌కి చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆవిడ గురువుగారిని పిలుస్తుంది. ఆయన ఆ డబ్బా తీసుకెళ్ళి, చూస్తాను మేడమ్ అంటాడు. తిరిగొచ్చేసరికి అందులో ఏమీ ఉండదు. అందుకని ఓపిక పట్టాను. కోపం ఉన్నవాళ్ళకి ఓపిక ఉండదంటారు. అది చిన్న కోపాల సంగతి.

మేడమ్ కంప్యూటర్ ముసలిది, రోజూ ఏదో ఒక రాగం తీసేది. ఒకరోజు అది పూర్తిగా మూగబోయింది. ఒట్టు, అందులో నా చెయ్యి లేదు. "స్టోర్‌రూమ్‌లో మంచిదొకటి ఉంది మేడమ్, కొత్తది వచ్చేదాకా పెట్టమంటారా?" అన్నాను. పెట్టమంది. పసుపు స్టిక్కర్ గోటితో గీకేసి, డబ్బా తుడిచి, ఆవిడ బల్ల మీద పెట్టాను. మా ఆఫీసులో డబ్బాలన్నీ ఒకే రంగు, ఒకే ఆకారం. గురువుగారు కూడా వచ్చి చూసి, "శభాష్ అమ్మడూ, భలే పని చేశావు" అని పోయారు.

మర్నాడు పొద్దున మేడమ్ గదిలో మీటింగ్. ఫ్యాక్టరీ మేనేజరు, పై అంతస్తు డ్రాయింగువాళ్ళు, అందరూ ఉన్నారు. గురువుగారు టీకి లేచిన వేళ చూసి, నేను ఆయన బల్ల కిందికి దూరి తొమ్మిది వైరు పీకేశాను.

ఫోను మోగింది. మేడమ్ కంప్యూటర్లో మెయిల్ వస్తోంది, ప్రింటు వస్తోంది, డ్రాయింగులు మాత్రం తెరుచుకోవడం లేదు. పై అంతస్తులో మిగతా కంప్యూటర్లన్నిటిలోనూ తెరుచుకుంటున్నాయి. గురువుగారు టీ సగంలో వదిలేసి, నన్ను వెంటబెట్టుకుని మెట్లెక్కారు. గదినిండా జనాన్ని చూసి ఆయన మొహం వెలిగింది. పాఠం చెప్పే అవకాశం ఎప్పుడూ వదులుకోని మనిషి.

"కంగారేం లేదు మేడమ్. దారి ఎక్కడో తప్పింది, అంతే. మా పిల్ల ఇప్పుడే చెప్పేస్తుంది చూడండి. ఏదీ అమ్మడూ, చదువు. అందరికీ వినబడాలి."

కూర్చున్నాను. టేబుల్ తెరిచాను. వేలు పెట్టాను.

"అన్నీ సున్నాలు. బయటి గుమ్మం, ఒకటి మీదుగా."

"అదీ! దారి తెలియనివన్నీ అటు పోతాయి. అందుకే మేడమ్ మెయిల్ బానే ఉంది. తర్వాత?"

"మన వీధి. ఎవరి మీదుగానూ కాదు, నేరుగా."

"అంటే ఆఫీసులోవన్నీ నేరుగా. ప్రింటర్ అందుకే పనిచేస్తోంది. సర్వర్ కూడా ఈ వీధిలోదే, కాబట్టి అది కూడా నేరుగానే..."

"డ్రాయింగుల సర్వర్. ఒక్క ఇంటి దారి." ఊపిరి తీసుకున్నాను. "తొమ్మిది మీదుగా."

గురువుగారి చేతిలో అప్పటికే దగ్గు బిళ్ళ ఉంది. కాగితం సగం విప్పి ఉంది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. తెర వంక చూశారు. డబ్బా వంక చూశారు. స్టిక్కర్ గీకేసిన చోట ఇంకా కాస్త జిగురు మిగిలి ఉంది. దాని వంక చూశారు.

"చాలు, చాలు. నాకు అర్థమైంది. నేను కిందికి తీసుకెళ్ళి చూస్తాను" అన్నారు.

"అడుగుదాకా చదవాలి కదా గురువుగారూ. మీ నియమమే."

"చాలన్నానా!"

ఆయన గొంతు పెంచడం ఎవరూ ఎప్పుడూ వినలేదు. మేడమ్ తల ఎత్తింది. "చదవనీయండి" అంది.

"శాశ్వత దారులు" అని చదివాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "డ్రాయింగుల సర్వర్, తొమ్మిది మీదుగా. ఎవరో కావాలని రాసి, ఆపినా చెరిగిపోకుండా పెట్టారు మేడమ్. ఈ కంప్యూటర్లో దాచిన ప్రతి డ్రాయింగూ ముందు తొమ్మిదికి వెళ్ళి, ఆ తర్వాతే సర్వర్‌కి వెళ్ళేది. ఇప్పుడు తొమ్మిది వైరు ఊడి ఉంది, అందుకే మీకు తెరుచుకోవడం లేదు. పెడితే తెరుచుకుంటుంది."

"తొమ్మిది ఎవరిది?"

అందరూ ఒకే వైపు చూశారు. ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డారు.

ఫ్యాక్టరీ మేనేజరుని తెర దగ్గరే ఉంచి మేడమ్ లేచి కిందికి వచ్చింది, వెనక మిగతావాళ్ళం. తనే వంగి వైరు పెట్టింది. పైనుంచి ఫ్యాక్టరీ మేనేజరు "వచ్చింది!" అని అరిచాడు. పీకింది. "పోయింది!" మళ్ళీ పెట్టింది, మళ్ళీ పీకింది. అప్పుడు అడిగింది, "నా గదిలో పెట్టిన ఆ కంప్యూటర్ ముందు ఎవరిది?"

"మా అక్కది" అన్నాను.

గురువుగారు నన్ను చూశారు. మొదటిసారి నిజంగా చూసినట్టు చూశారు. "ఏదో టెస్టింగ్‌కి పెట్టి మర్చిపోయి ఉంటాను మేడమ్" అని గొణిగారు.

"అయితే ఈ తొమ్మిది తెరిచి లోపలేముందో చూపించండి."

ఆయన కూర్చున్నారు. కీబోర్డు మీద చేతులు పెట్టారు. పాస్‌వర్డ్ మాత్రం కొట్టలేదు. కాసేపటికి చేతులు ఒళ్ళోకి తీసుకుని, "మా బావమరిది కంపెనీ మునిగిపోయేలా ఉంది మేడమ్. ఇంటిది రోజూ ఏడ్చేది. ఒక్క తాళమే కదా అనుకున్నాను" అన్నారు.

ఒక్క తాళమేనట. మా అక్కకి అది ఒక్క జీవితమే.

మేడమ్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసింది. "జరిగింది జరిగింది. మీ అక్కని రేపే రమ్మను, పాత బల్లే ఇస్తాను. ఆయన్ని ఆరోగ్యం బాగాలేదని పంపించేద్దాం. పరువు విషయం. కంపెనీదీ, ఆయనదీ."

"మా అక్క పరువు ఆ గేటు దగ్గర బల్ల మీద పోయింది మేడమ్. ఎక్కడ పోయిందో అక్కడే దొరకాలి."

"అంటే?"

"అదే బల్ల. అదే వేళ. అందరూ ఇంటికెళ్ళేటప్పుడు. మా అక్క కూడా ఉండాలి."

ఆవిడ చాలాసేపు నా మొహం చూసింది. నాకు జాలి వేస్తుందేమోనని చూసిందనుకుంటాను. ఆవిడే ఆ రోజు "పక్క జేబు కూడా" అన్న మనిషి, అది ఆవిడకీ గుర్తొచ్చినట్టుంది. కళ్ళు దించుకుని, "సరే" అంది.

అక్క రానంటుందనుకున్నాను. ఫోనులో విషయం చెప్పగానే "ఎన్నింటికి?" అని మాత్రం అడిగింది. షాపులోంచే వచ్చింది, ఒక చేతిలో టేపు, ఇంకో చేతిలో తాళాలు. గేటు లోపలికి అడుగుపెట్టగానే బల్ల వంక చూసి ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత వచ్చి నా పక్కన నిలబడింది.

గురువుగారు సంచి బల్ల మీద పెట్టారు. వాచ్‌మన్ మేడమ్ వంక చూశాడు, బోర్లించాడు. టిఫిన్ డబ్బా, కళ్ళజోడు పెట్టె, తువ్వాలు. పై అంతస్తువాళ్ళు, కింది అంతస్తువాళ్ళు, ఎవరూ కదల్లేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన తువ్వాలు మడత పెట్టబోతే చేతులు సహకరించలేదు. నాకు జాలి కలిగింది. కలగలేదని అబద్ధం చెప్పను. దారులు చదవడం నేర్పింది ఆ చేతులే. మేడమ్ "ఇక చాలు" అనబోయింది.

"పక్క జేబు కూడా చూడండి."

అన్నది నేను కాదు. అక్క.

నేను తల తిప్పి చూశాను. పోనీలేవే అన్న మనిషి మొహంలో ఆ మాట ఎక్కడా లేదు.

వాచ్‌మన్ పక్క జేబు తిరగేశాడు. దగ్గు బిళ్ళలు. గుప్పెడు, రంగురంగుల కాగితాల్లో. బల్ల మీద దొర్లాయి. ఒకటి కింద పడి అక్క కాలి దగ్గరికి వచ్చి ఆగింది. అవి నా కోసం కొన్నవని నాకు తెలుసు. ఆయన చప్పరించేవారు కాదు.

అక్క వంగి దాన్ని తీసింది. ఆయన దగ్గరికి నడిచి వెళ్ళి, అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"పోనీలెండి గురువుగారూ" అంది, చాలా నెమ్మదిగా, అందరికీ వినబడేలా. "ధైర్యంగా ఉండండి."

ఆయనకి ఆ మాట గుర్తుంది. తల ఎత్తలేదు. అన్నీ మళ్ళీ సంచిలో వేసుకుని గేటు దాటారు, బిళ్ళలు మాత్రం బల్ల మీదే వదిలేశారు.

ఇంటికి వెళ్తూ అక్క బజార్లో ఆగి ఒక సంచి కొనుక్కుంది. షాపువాడు చూపించిన మొదటి రెండూ వద్దంది. పక్క జేబు ఉన్నదే కావాలంది.